టీవీ ముందు ఏడ్చినోళ్లు

మా మరిది పెద్ద టీవీ కొని కింది హాల్లో గోడకు బిగించిన నాటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు నాందేడ్‌లో మా ఇల్లు మాది కాకుండా పోయింది. భోజనాలు కాగానే గల్లీలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూలర్ ముందు చోటు చూసుకునేవాళ్లు. అందరూ వచ్చేది ఒకే ఒక కార్యక్రమం కోసం. అది అమెరికా వాళ్లది, మాటలు హిందీలోకి మార్చి వేస్తారు. లక్షల్లో ఒకరికి వచ్చే చర్మరోగాలు వచ్చినవాళ్లను వెతికి పట్టుకొచ్చి, కెమెరా ముందు బట్టలు తొలగించి, వాళ్ల చేత వాళ్ల కష్టం చెప్పించి, ఏడిపించి, తర్వాత కోసి, కుట్టి, చివర్లో అద్దం ముందు నిలబెడతారు. అద్దంలో చూసుకుని వాళ్లు ఏడుస్తారు. మా హాల్లో వీళ్లు ఏడుస్తారు.

చూసేవాళ్లను చూడటం నాకు అలవాటైంది. టీవీ కంటే అదే బాగుండేది. మా పక్కింటి మరాఠీ ఆవిడ, అందరం కాకూ అంటాం, చిన్న గిన్నెలో అటుకుల చివ్‌డా వేసుకుని వచ్చేది. తెర మీద ఎవరి వీపో కనపడగానే "అరె దేవా" అని కళ్ల మీద చెయ్యి పెట్టుకునేది. వేళ్ల సందులోంచి చూసేది. రెండో చేత్తో చివ్‌డా తినేది. ఎనిమిదో ఇంటి ఆవిడకు పాపపుణ్యాల లెక్క బాగా తెలుసు. "పోయిన జన్మల ఏం జేసిందో ఏమో, గిట్ల కొట్టిండు దేవుడు" అనేది. కోసే చోట దగ్గరగా చూపిస్తుంటే "వద్దు వద్దు, మార్చున్రి" అని అందరూ అనేవాళ్లు. రిమోట్ వాళ్ల మధ్యనే పడి ఉండేది, ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ప్రకటనలు రాగానే ఉల్లిగడ్డ ధర మాట్లాడుకునేవాళ్లు.

నేను కూర్చునే చోటు వేరు. వంటింటి గడప దగ్గర చిన్న పీట. నన్ను అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మా దగ్గర ఇట్లాంటివి ఎవరూ చెప్పరు, మనమే తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే నీకు తెలివి లేదంటారు.

నా ఒంటి నిండా బుడిపెలున్నాయి. శనగగింజంతవి, రేగుపండంతవి, మెడ కింద ఒకటి చిన్న నిమ్మకాయంత. మొదటిది నాకు పదమూడో పద్నాలుగో ఏట మోచేతి మీద లేచింది. మా అమ్మగారి ఊరు మర్ఖేల్. అక్కడ పులిపిరి లేస్తే గుర్రపు వెంట్రుక కట్టేస్తారు, నాలుగు రోజులకు అదే ఎండి రాలిపోతుంది. మా అమ్మ నాదీ పులిపిరే అనుకుంది. దెగ్లూర్ బస్టాండు దగ్గర టాంగా గుర్రం తోకలోంచి వెంట్రుక పీకించుకొచ్చి, బుడిపె మొదట్లో బిగించి ముడేసింది. పులిపిరికి నొప్పుండదు. నాది నరం మీద లేచిన గడ్డ అని ఎవరికి తెలుసు? భుజం దాకా కరెంటు పాకినట్టు గుంజి నేను కేకలు పెడుతుంటే, మా అమ్మ "మందు పనిజేస్తుంది, ఓర్చుకో బిడ్డా" అంది. ఆ నొప్పి నాకు ఇప్పటికీ చేతిలో ఉంది. గుర్రం మీద కూడా నాకు కోపమే.

పెళ్లినాటికి జాకెట్టు చేతులు పొడుగ్గా కుట్టిస్తే దాగేటన్నే ఉన్నాయి. కొడుకు పుట్టాక విజృంభించాయి. వాడికి రాలేదు, ఇప్పుడు పుణెలో పని చేసుకుంటున్నాడు, ఆ ఒక్క విషయంలో దేవుడికి దండం పెట్టుకుంటాను. మిగతా విషయాల్లో దేవుడూ నేనూ మాట్లాడుకోం.

ఒంటి మీదివి ఒంటి మీద ఉండనీ, వాటితో బతకడం నేర్చుకున్నాను. ఎడమ కంటి రెప్పలోకి వచ్చినదాన్ని మాత్రం భరించలేకపోయాను. కంటికి రెప్పలా చూసుకోవడం అంటారు, నా కంటికి రెప్పే పగదైంది. ఏటికేడు బరువెక్కి కిందికి వాలి, కన్ను పూర్తిగా మూసేసింది. ఎడమ పక్కన ఏముందో నాకు తెలిసేది కాదు. తలుపు రెక్కకు గుద్దుకునేదాన్ని. బజారులో ఆటో భుజాన్ని రాసుకుంటూ పోయేదాకా వస్తున్నట్టు తెలియదు. కంటి డాక్టరు ఒకాయన వేలితో రెప్ప లేపి చూసి, లోపల చూపు ఇంకా ఉందని, బరువంతా కనుగుడ్డు మీద పడుతోందని, ఇట్లాగే వదిలేస్తే ఆ చూపు పోవచ్చని చెప్పాడు. కోయించుకోవాలన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన బూట్లు విప్పుకుంటూ విన్నాడు.

"ఒక్క కన్నుతోని పని నడుస్తలేదా?" అన్నాడు.

చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. నా గురించి ఆలోచించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయనకు నిద్ర వస్తుంది. ఏడాదికోసారి నేను అడగడం, "చూద్దాం తీ" అని ఆయన అనడం, అట్లా ఏండ్లు గడిచాయి. నాకు ముఖం బాగవ్వాలని ఆశ లేదు. ఆ కన్ను తెరుచుకుంటే చాలనుకున్నాను.

ఒక ఆదివారం ఆ కార్యక్రమంలో నాలాంటామె వచ్చింది.

నాలాంటామె అంటే అచ్చం నేనే. రంగు తెలుపు, జుట్టు ఎరుపు, మిగతాదంతా నాదే. అవే బుడిపెలు, అదే వాలిన రెప్ప. ఎడమది కాదు, ఆమెకు కుడిది. పీట మీద నుంచి ముందుకు వంగాను. మా గల్లీకి మా జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్ నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె ఉంది, లోకం తెలియనిది. ఆ పిల్ల "ఛీ" అంది. కాకూ చివ్‌డా గిన్నె పక్కన పెట్టేసింది. ఎనిమిదో ఇంటావిడ "నాకైతే ఇగ రాత్రి అన్నం దిగది" అంది. ఆ తర్వాత ఒక్కసారిగా అందరికీ నేనున్న సంగతి గుర్తొచ్చింది. ఒక్కరూ తల తిప్పలేదు. అన్ని వీపులూ బిగుసుకుపోవడం నాకు కనపడింది. ఎవరో టీవీ సప్పుడు తగ్గించారు.

తెర మీద డాక్టరమ్మ ఆ తెల్లామెను దగ్గరికి తీసుకుంది. చేతికి తొడుగుల్లేకుండా ఆమె చెంప నిమిరింది. మా హాల్లో ముక్కులు చీదుకోవడం మొదలైంది.

"ముట్టుకుంటుంది చూడున్రి, ఎంత మంచి డాక్టరమ్మ."

"అంటుకునేది కాదని చెప్తుంది గద."

"మనుషులంటే గట్ల ఉండాలె."

నేను లేచి చాయ్ పెట్టాను. వాళ్లను పరీక్షించాలని కాదు, ఆదివారం ఆ వేళకు ఎప్పుడూ మా యారాలు, అంటే మా మరిది భార్య, పై వంటింట్లో పెట్టి తెచ్చేది. ఆ రోజు ఆమె కూడా ఏడుస్తూ లేవలేదు. పళ్లెంలో కప్పులు పెట్టుకుని వెళ్తే, తడి కళ్లతోనే అందరూ చేతులు అడ్డం పెట్టారు. "ఇప్పుడే తాగొచ్చినం అక్కా, నీకెందుకు తక్లీఫ్" అంది ఎనిమిదో ఇంటావిడ. కాకూకి ఆ రోజు గురువారం కాకపోయినా ఉపవాసం గుర్తొచ్చింది. చివ్‌డా తిన్న ఉపవాసం. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు. అమెరికా బుడిపెలు వాళ్లకు ఏడుపు తెప్పిస్తాయి, నాందేడ్ బుడిపెలు చాయ్ మాన్పిస్తాయి.

కొత్త పిల్ల ఒక్కతే నా మొహంలోకి చూసి, "గిది నిజంగ అంటుకోదా అక్కా?" అని అడిగింది. మిగిలినవాళ్లు ఆ పిల్లను గిల్లారు. నాకు మాత్రం ఆ పిల్ల మీద కోపం రాలేదు. అడిగింది గదా. అంటుకోదని చెప్పాను. అయినా చాయ్ తీసుకోలేదనుకోండి.

మా యారాలు లేచింది. అందరి ముందూ నా చేతిలోంచి కప్పు అందుకుంది. "నాకియ్యి అక్కా, నేను తాగుత" అని గటగటా తాగేసింది. ఆమె ఎప్పుడూ అంతే. నా చేతి గిన్నె అందుకునేది, నా తలకు నూనె పెట్టేది, నా పక్కన మంచం మీద కూర్చుని మా అత్తగారి మీద చాడీలు చెప్పేది. ఈ ఇంట్లో నాకు నా మనిషంటూ ఉంటే ఆమె. ఆ రోజు కప్పు ఖాళీ చేసి, మా మరిది రాగానే పట్టుకుంది.

"అక్కకు చేపియ్యాలె. టీవీల చూసినం, ఎంత మంచిగయిందో. ఊరోళ్లందరు అంటున్నరు, ఇంట్ల పెట్టుకుని చూస్తలేరని."

ఊరోళ్లు అంటున్నారు అన్న మాట మా ఆయన చెవిన పడింది. ఇన్నేండ్లు నేను అడిగితే రాని నిద్రాభంగం ఆ ఒక్క మాటతో అయింది. పది రోజుల్లోపలే హైదరాబాద్ రైలెక్కాం.

పెద్ద దవాఖాన. అక్కడ చూసిన డాక్టరమ్మకు నా కొడుకు వయసుంటుంది. నన్ను కౌగిలించుకోలేదు, చెంప నిమరలేదు. పొద్దుటి నుంచి ఏమీ తిననట్టుంది, మాట్లాడుతూనే బిస్కెట్టు కొరికింది. కానీ నాతో మాట్లాడింది, మా ఆయనతో కాదు. ఇది పుట్టుకతోనే వచ్చే నరాల జబ్బని, ఒంటి మీదివన్నీ తీయడం కుదరదని, తీసినా కొత్తవి లేస్తాయని చెప్పింది. రెప్పది తగ్గిస్తానంది, మెడ కింద దండ ఒరుసుకునేదాన్ని తీసేస్తానంది. "చూపు దక్కుతుందమ్మా. ముఖం మటుకు ఇట్లనే ఉంటది. ముందే చెప్తున్న" అంది. నాకు ఆ పిల్ల కాళ్లు మొక్కాలనిపించింది. ఇన్నేండ్లలో నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఆమె ఒక్కతే.

కట్టు విప్పిన రోజు మంచం ఎడమ పక్కన కిటికీ ఉందని నాకు మొదటిసారి తెలిసింది. బయట కొబ్బరిబోండాల బండి, దాని పక్కన నిద్రపోతున్న ఒక ముసలాయన. అంతే ఉంది. దాన్ని చూసి ఏడ్చాను. కుట్లకు మంచిది కాదని నర్సు తిట్టింది.

ఇంటికొచ్చేసరికి మా యారాలు గడపలోనే ఆపింది. తల మీది కొంగు నా మొహం మీదికి లాగి, పక్క గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

"ఆదివారం దాక బయటికి రాకు అక్కా. అందరికి ఒక్కపారే చూపియ్యాలె. టీవీల చూపిస్తరు గద, గట్ల."

"ఏం చూపిస్తవే? కన్నే గద."

"నువ్వు సప్పుడు చెయ్యకు. నేను చూసుకుంట."

ఆదివారం వచ్చింది. మా యారాలు పెట్టెలోంచి వాళ్ల చెల్లె పెళ్లినాటి తెర తీసింది. పెళ్లిలో తలంబ్రాలకు ముందు పిల్లకూ పిల్లగాడికీ మధ్యన పట్టుకునే తెర. మరాఠీ వాళ్లు అంతర్‌పాట్ అంటారు, మా ఇండ్లలోనూ అదే పేరు. తెల్లటి బట్ట మీద కుంకుమతో స్వస్తిక్. హాల్లో టీవీ ముందు కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, నా ఎదుట ఆ తెర పట్టించింది. ఒక కొస కొత్త పిల్ల చేతిలో, ఒక కొస కాకూ చేతిలో. టీవీ కట్టేశారు, ఎందుకంటే ఆ వారం టీవీ నేనే. తెర అవతల గల్లీ అంతా ఉన్నట్టు గాజుల సప్పుడు వినపడుతోంది. యారాలు ఫోన్ పట్టుకుని నిలబడింది.

యాభై దగ్గర పడ్డ మనిషిని పెండ్లిపిల్లలా తెర వెనక కూర్చోబెడితే నవ్వాలా ఏడ్వాలా? కాదనవచ్చు. అనలేదు. ఆమె ముచ్చట ఎందుకు కాదనాలి అనుకున్నాను. అదొక్కటే కాదు, ఉన్నమాట చెప్పాలంటే, తెర అవతల వాళ్లందరూ నా కోసం ఊపిరి బిగబట్టుకుని ఉన్నారన్నది నాకు బాగుండింది. దవాఖానలో డాక్టరమ్మ చెప్పిందంతా తెలిసి కూడా కొంగు సర్దుకుని కూర్చున్నాను.

కాకూ సరదాకి పెండ్లిలో అన్నట్టు "సావధాన్" అంది. తెర దించారు.

కూలర్ సప్పుడు వినపడింది. నేను వాళ్లందరి మొహాలూ చూశాను, కుడి చివర నుంచి ఎడమ చివర దాకా, మెడ తిప్పకుండా. వాళ్లు నా మొహం మీద వెతికారు. చెంప మీద బుడిపెలు ఉన్నాయి. నుదుటి మీదివి ఉన్నాయి. గదవ కింది జంట బుడిపెలు ఉన్నాయి. కాకూ తెర ఇంకా చేతిలో పట్టుకునే వంగి చూసి, "ఎవ్ఢంచ్?" అంది. ఇంతేనా అని.

"రెప్ప తీసిన్రట గద, జర లేచినట్టే ఉంది" అని ఎవరో అన్నారు, వంట కుదరని ఇంట్లో ఉప్పు సరిపోయిందన్నట్టు.

"టీవీల అయితే ఒక్క మచ్చ లేకుండ చేసిన్రు."

"ఏ దవాఖానకు పోయిన్రు? మంచిది చూసుకుని పోవాలె."

"మిగిలినయి మల్ల తీస్తరట" అంది మా యారాలు. ఎవరూ అట్లా చెప్పలేదు. ఆమె మొహం చిన్నబోయింది, నా వల్ల నలుగురిలో తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఫోన్ కొంగులో దోపేసుకుంది.

"నాకు ఈ కన్ను కనిపిస్తుంది" అన్నాను. గట్టిగానే అన్నాను. కాకూ తెర మడత పెడుతూ "హో, హో" అంది, చిన్నపిల్లలు బడిలో పద్యం చెప్పొచ్చామంటే అన్నట్టు.

వాళ్లు నాకు కీడు కోరలేదు, నాకు తెలుసు. వాళ్లకు ఏడ్వాలని ఉండింది. చీరకొంగులు సిద్ధంగా పట్టుకొచ్చుకున్నారు. ఏడ్చేటంత మంచిగా నేను కాలేదు, అదీ నా తప్పు.

ఆడవాళ్లు వచ్చిన ఇంట్లో బొట్టు పెట్టకుండా పంపించరు గదా. యారాలు కుంకుమ భరిణె తెచ్చి వరసగా పెట్టుకుంటూ వచ్చింది. ఆమెకొక పద్ధతి ఉంది. ఎదుటి ఆడమనిషికి బొట్టు పెట్టి, వేలికి మిగిలిన కుంకుమను తన పుస్తెలకు అద్దుకుంటుంది, వాళ్ల సౌభాగ్యంలో కొంత తనకూ వస్తుందని. నా వంతు వస్తే ఎప్పుడూ భరిణె ముందుకు పెట్టి "నువ్వు పెద్దదానివి అక్కా, నువ్వే పెట్టుకో" అనేది. పెద్దరికానికి ఇచ్చే గౌరవం అనుకునేదాన్ని. ఆ రోజు నా ముందు ఆగింది. అందరూ చూస్తున్నారు. ఒక్క క్షణం ఆలోచించి, వేలు కుంకుమలో ముంచి, నా నుదుట రెండు బుడిపెల నడుమ పెట్టింది. మెత్తగా పెట్టింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. లోకం ఇంతేనా అంటే అననీ, ఈమె ఉంది కదా అనుకున్నాను.

తర్వాత ఆమె నా ఎడమ పక్కకు నడిచింది. ఆ మూలన, మెట్ల కింద చేతులు కడుక్కునే తొట్టి ఉంది. ఆ వేలు పుస్తెల మీదికి పోలేదు. మోచేత్తో నల్లా తిప్పింది. సబ్బు తీసుకుని ఆ వేలిని, తర్వాత మొత్తం చెయ్యిని, గోళ్ల సందులు కూడా రుద్దింది. కడిగి, వాసన చూసుకుని, మళ్లీ సబ్బు పెట్టింది. తొందర పడలేదు, అటూ ఇటూ చూడలేదు. రోజూ చేసే పని చేసినట్టు చేసింది. ఇన్నేండ్లు ఆ పక్క నాకు గోడే. అది మారిందని తెర పట్టించి ఊరికంతా చూపించిన మనిషే మర్చిపోయింది.

చేతులు తుడుచుకుని నాకు కుడి పక్కకు వచ్చి, "అలిసిపోయినవు, కొంచెం పండుకో అక్కా" అంది.

సాయంత్రం మా ఆయన అన్నం తింటున్నప్పుడు చెప్పాను. చెప్పొద్దనే అనుకున్నాను, కానీ గొంతు దాకా వచ్చినదాన్ని మింగలేకపోయాను. బొట్టు పెట్టి, నా పక్కనే నిలబడి సబ్బుతో కడుక్కుంది, నేను చూశాను అన్నాను.

ఆయన తలెత్తలేదు. రొట్టె తుంచి పప్పులో ముంచాడు.

"ఆమె ఎప్పుడు కడుక్కుంటది గద" అన్నాడు. "నీ చేతి గిన్నె అందుకున్నా కడుక్కుంటది, నీ తలకు నూనె పెట్టినా కడుక్కుంటది. ఇయ్యాల కొత్తనా?"

ఆయనకు రెండు కళ్లూ మొదటి నుంచీ మంచిగానే ఉన్నాయి.